మడవ

ఈ తీగలో పాట ఉండదు కాశింపీరా,
ముందు ఆ సంగతి తెలుసుకో.
అయిదు ముళ్ళ పిన్ను, నల్ల రబ్బరు, రెండు మూరల పొడవు.
చెవి ఆనించినా చీమంత సద్దు వినపడదు.
దీంట్లో పోయేది కబురొక్కటే:
ఫలానా వేలు లేచింది,
ఫలానా వేలు వాలింది,
ఊపిరి ఇంత.

"మరి పాట యాడుంటాది?"
అదో, ఆ బూడిదరంగు పెట్టెలో.
బెంగళూరు పాత సామాన్ల అంగట్లో బేరమాడి తెచ్చింది.
దానికి నోరుంది, ఊపిరి లేదు.
నీ చేతిలోని గొట్టానికి ఊపిరి తెలుస్తాది, నోరు లేదు.

తాడిపత్రిలో రాత్రి పదిన్నర.
పాలిష్ యూనిట్లు ఇంకా నాపబండల్ని అరగదీస్తానే ఉన్నాయి.
ఆ దుమ్ములో పద్నాలుగేండ్లు నిలబడినాడు ఈయన,
పెండ్లిళ్ళు లేని నెలలన్నీ.
ఇంక ఊదొద్దని అనంతపురం డాక్టరు చెప్పినంక
నాదస్వరాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టినాడు.
దాని పీకను మాత్రం చొక్కా జేబులోనే ఉంచుకున్నాడు.

అవుట్ లోంచి ఇన్ లోకి ఏసినా. పలకలేదు.
తీగ మార్చి ఏసినా. పలకలేదు.
కబురు అందిందని పెట్టె మీద దీపం మినుక్కుమంటాది,
అందినా పలకదు, తాలూకాఫీసు మాదిరి.
గంటసేపటికి తెలిసింది:
ఈయన ఒకటో కాలువలో వదుల్తాంటే
అది నాలుగో కాలువ కాడ దోసిలి పట్టుకుని కూచోనుంది.
మా నాయన హెచ్చెల్సీ కింద మడి దున్నినోడు.
నీళ్ళు రాలేదని ఏడ్చే ముందు
మడవ ఏ పక్కకు తిప్పినారో చూడరా అనేవాడు.

షెహనాయి నంబరు నూటపన్నెండని పుస్తకంలో ఉంది.
నొక్కితే చిన్న గంట మోగింది, హారతి వేళ మాదిరి.
సున్నా నుంచి లెక్కపెట్టే జాతి ఇది.
నూటపదకొండు నొక్కినా.
రెండు స్వరాలు ఊది ఆపినాడు.
"నాదస్వరం కాదప్పా ఇది, దాని పెద్దమ్మ కొడుకు.
పర్వాలేదు, పోలికలుండాయి."

శ్రుతి కోసం రెండో పెట్టెకు త్రూ లోంచి తీగ లాగినా.
విన్న మాట విన్నట్టే అవతలికి చెప్పే గుణం త్రూది,
మా వీధిలో ఎవరికీ లేనిది.
నిద్రమత్తులో ఇంకో తీగ వెనక్కి ఏసినానేమో,
చెప్పిన మాటే మళ్ళీ చెవిన పడి, పడి,
ఒకే స్వరం నిలబడిపోయింది. ఎంతకూ ఆగదు.
ఆయన గొట్టం కింద పెట్టి రెండు చేతులూ ఎత్తినాడు:
"నేను ఊదడంల్యా!"
నవ్వినాడు. నవ్వు దగ్గులోకి జారింది.

తెర మీద ఊపిరి అంకెలై కనపడతాది,
సున్నా నుంచి నూటఇరవైఏడు దాకా.
బలమంతా పెట్టి ఊదినాడు. మెడనరాలు లేచినాయి.
నలభైమూడు.
ఇంకోసారి.
నలభైఒకటి.
ఇద్దరమూ కొంచేపు ఆ అంకెనే చూస్తా ఉండిపోయినాము.
ఏమీ అనకుండా నేను మెనూలోకి పోయి
నలభైమూడే నిండు చెరువని రాసినా.

ఇంక దగ్గొకటి మిగిలింది.
దాన్నీ ఊపిరనుకుని పెట్టె పలుకుతాంది,
పాట నడుమ ఒక పెళుసు గాంధారం.
గట్టు ఎత్తు పెంచినా. దగ్గు ఆగింది.
ఆయన మెల్లగా ఆలాపన ఎత్తుకున్నాడు.
మొదలు వినపడలేదు,
సన్నటి ఊపిరి గట్టు దాటలేక యివతలే ఇంకిపోయింది.
"దించు" అన్నాడు.
దగ్గు కూడా వస్తాదని చెప్పినా.
"రానీ. అది మాత్రం ఎవరిది?"

దించినా.
పొద్దున్నే పుట్లూరు పెండ్లికి పోవాల.
వంటింట్లో మాబున్ని గిన్నెలు కడుగుతాంది.
స్పీకరు నిండా షెహనాయి,
నడుమ ఆ పెళుసు గాంధారం మోగింది.
రేపు వినేవాళ్ళకు అదొక గమకం.
మాబున్ని మాత్రం కుళాయి కట్టేసి
వేన్నీళ్ళ చెంబు పట్టుకుని,
తీగలేవీ తొక్కకుండా దాటుకుంటా వచ్చింది.